శ్వేతశిలా సౌధము : విక్టోరియా స్మారక మందిర చరిత్ర

పాలరాతి కట్టడమనగానే మనవారి మనస్సు ఆగ్రాకు పోవును. తాజమహలును గూర్చి తెలుగులో పద్యము, వచనము, పాట అన్నియు వెలసినవి. కాని జంషెడ్‌పూరులో కాపురముండు ఆంధ్రులకు అందుబాటులోనున్న పాలరాతి సౌధము వేరొకటి కలదు. టాటానగరు స్టేషనునకు సుమారు 250 కిలోమీటర్ల దూరమున, కలకత్తా మైదానపు దక్షిణాగ్రమున, తాజమహలునకు రాయి నొసగిన మక్రానా గనుల రాతితోనే కట్టబడిన విక్టోరియా స్మారక మందిరమే అది. 2001లో ఆ నగరమునకు కోల్‌కతా యని పేరు మారినది. జరిగిపోయిన సంగతులే ఇందు మిక్కిలిగా ఉండుటచే ఈ వ్యాసమున పాత పేరునే వాడుచున్నాను.

మనలో ఆ మందిరమును చూడనివారు అరుదు. పిల్లల పరీక్షలు ముగియగానే కాళీఘట్టము, దక్షిణేశ్వరము, జంతుప్రదర్శనశాల, విక్టోరియా - ఇది మన యూరివారి కలకత్తా యాత్రాక్రమము. తోటలో ఒక ఛాయాచిత్రము తీయించుకొని, నీడపట్టున కూర్చుండి తెచ్చుకొన్న పులిహోర తిని, లోపలి పటములను ఒక చుట్టు చుట్టి బయటపడుదుము. ఆ గోడలు ఎవరి ధనముతో లేచినవి, ఏ కాలమున లేచినవి, కట్టించినవాని మనస్సులో ఏమున్నది అను ప్రశ్న సామాన్యముగా పుట్టదు. పుట్టి, దానికి సమాధానము వెదకబోయినచో, దారి చిత్రముగా మన సాక్చీ గ్రామమునకును, అటుపై హైదరాబాదులోని మూసీ గట్టునకును వచ్చి చేరును.

విక్టోరియా రాణి 1901 జనవరి 22వ తేదీన మరణించెను. ఆమె 63 ఏండ్లకు పైగా ఇంగ్లండు సింహాసనమున నుండెను. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీ దర్బారులో ఆమెను భారత చక్రవర్తినిగా ప్రకటించిరి. అయినను ఆమె భారతభూమిపై ఏనాడును కాలు మోపలేదు. ఆమె మరణవార్త వచ్చినప్పుడు వైస్రాయి లార్డు కర్జను. ఊరూర శిలావిగ్రహములును, సత్రములును, ఆసుపత్రులును వేరువేరుగా కట్టుటకంటె, దేశమంతటి చందాలను ఒకచోట చేర్చి సామ్రాజ్య రాజధానియైన కలకత్తాలో ఒక్క మహాసౌధము కట్టింపవలెనని ఆయన ప్రతిపాదించెను. అందు రాణి విగ్రహము మాత్రమే గాక, భారతదేశ చరిత్రకు సంబంధించిన చిత్రములు, ఆయుధములు, లిఖితములు కూర్చి ప్రదర్శనశాలగా నడుపవలెనన్నది ఆయన సంకల్పము. 1903లో ఇందుకై ఒక చట్టము చేసిరి. సంస్థానాధీశులనుండియు, జమీందారులనుండియు, ప్రజలనుండియు, ఇచటి ఆంగ్లేయులనుండియు వచ్చిన చందాలతోనే ఈ కట్టడమునకైన 1 కోటి 5 లక్షల రూపాయల వ్యయము నిర్వహింపబడినది.

ఆనాటి కోటి రూపాయలనగా ఎంతయో ఊహించుకొనుటకు ముందు, ఆ చందాలెత్తిన కాలమెట్టిదో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1899-1900 సంవత్సరములలో పశ్చిమ, మధ్య భారతములను మహాక్షామము పట్టి పీడించినది. రాజపుటానాలో ఇప్పటికిని దానిని 'ఛప్పనియా' కరవు అందురు. విక్రమశకము 1956లో వచ్చుటచే ఆ పేరు కలిగినది. మార్వాడ దేశమున పశువులు కుప్పలుగా చచ్చినవి. మనుష్యులు ఇండ్లు విడిచి దేశాంతరము పోయిరి. మక్రానా గనులున్నది ఆ మార్వాడలోనే. చక్రవర్తిని స్మారకమునకు రాయి నిచ్చిన నేల, ఆమె పరిపాలనము కడపటి ఏండ్లలోనే అన్నమునకు అలమటించిన నేల. ఈ రెండును ఒకదానికొకటి కారణములని నేననుట లేదు. కాని ఆ రాతి తెలుపును మెచ్చుకొనునప్పుడు ఈ సంగతి కూడ మన చెవిని పడియుండుట మంచిది.

కర్జను కేవలము ఆడంబరప్రియుడని తోసివేయుట న్యాయము కాదు. శిథిలమగుచుండిన మన ప్రాచీన కట్టడముల రక్షణకు 1904లో చట్టము తెచ్చినవాడు ఆయనయే. పురావస్తు శాఖను పునరుద్ధరించి 1902లో జాన్ మార్షలును దాని కధిపతిగా నియమించినవాడును ఆయనయే. తాజమహలు తోటను, ప్రాంగణమును బాగుచేయించెను. తాజమహలు రాతిపై ఆయనకు గల మోజే విక్టోరియా స్మారకమునకు మక్రానా పాలరాయి కావలెనను పట్టుదలగా మారినది. పాత కట్టడములయందు ఆయనకు గల శ్రద్ధ నిజమైనది. బ్రదికియున్న భారతీయుల శక్తిసామర్థ్యములయందు ఆయనకు గల విశ్వాసము మాత్రము అంతటిది కాదు.

ఇచటనే మన యూరి కథ వచ్చును. కర్జను 1898 డిసెంబరు 30వ తేదీన బొంబాయి రేవున దిగెను. ఆ మరునాడే జంషెట్జీ టాటా తలపెట్టిన విజ్ఞాన పరిశోధనాలయపు ప్రణాళికను ఒక ప్రతినిధివర్గము ఆయన ముందుంచినది. అందులకై జంషెట్జీ 30 లక్షల రూపాయల విలువగల ఆస్తిని ఇచ్చుటకు సిద్ధపడియుండెను. అట్టి ఉన్నతవిద్యకు తగిన విద్యార్థులు ఈ దేశమున దొరకుదురా, దొరకినను చదువు ముగించిన పిమ్మట వారికి పని యెచటిది అని కర్జను సందేహించెను. విచారణలు, నివేదికలు, ఉత్తరప్రత్యుత్తరములు ఏండ్లతరబడి సాగినవి. జంషెట్జీ 1904 మే 19న కన్నుమూసెను. ప్రభుత్వపు తుది ఉత్తర్వు 1909లో వెలువడెను. బెంగుళూరులో 1911లో తరగతులు మొదలైనవి. రాణి మరణించిన కొలది వారములలోనే కోటి రూపాయల సౌధమునకు రూపకల్పన చేసిన ప్రభుత్వము, ఒక పౌరుడు తన సొంత ఆస్తినిచ్చి విద్యాలయము పెట్టెదనన్నపుడు పదేండ్లు ఆలోచించినది. ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు మనకు దస్త్రముల నడక తెలియనిది కాదు. అయినను ఇది కొంచెము ఎక్కువే.

ఉక్కు కర్మాగారము సంగతియు ఇట్టిదే. లండనులో మూలధనము లభింపక, 1907లో టాటావారు స్వదేశమునందే వాటాలు విడుదల చేసిరి. 2 కోట్ల 32 లక్షల రూపాయల వాటాలు మూడు వారములలో అమ్ముడైనవి; కొన్నవారు సుమారు 8,000 మంది భారతీయులు. తరువాత కావలసిన ఋణపత్రములన్నిటిని గ్వాలియరు మహారాజే తీసికొనెను. అనగా ఆ దశాబ్దమున మనదేశపు ధనము రెండు మార్గముల ప్రవహించినది: ఒకటి మైదానములో పాలరాతి గోడలుగా లేచినది, రెండవది సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమముకడ కొలుములుగా రగిలినది. మొదటిది చందా, రెండవది వాటా. చందా ఇచ్చినవారిలో కొందరు భక్తితో ఇచ్చియుందురు, కొందరు దొరగారి కంటబడుటకు ఇచ్చియుందురు. వాటా కొన్నవారు స్వదేశీ ఆవేశముతో కొనిరి. లాభమును ఆశించియు కొనిరి. అందుచే ఒకటి పాపము, ఒకటి పుణ్యము అని విడదీయుట నాకిష్టము లేదు. రెండును ఒకే కాలపు సంతానమని మాత్రము చెప్పుదును.

మందిరమునకు నమూనా గీసినవాడు సర్ విలియం ఎమర్సన్. బ్రిటిషు వాస్తుశిల్పుల సంస్థకు అధ్యక్షుడుగా నున్నవాడు. అంతకు పూర్వము అలహాబాదులో మ్యూర్ కళాశాలను, గొప్ప క్రైస్తవ దేవాలయమును రూపొందించినవాడు. ఇటలీ దేశపు పునరుజ్జీవనకాలపు పద్ధతిలో కట్టవలెనని ఆయనకు ఆదేశము. ఆయన ఆ పద్ధతిలోనే గీసి, మూలలందు చిన్న గోపురములు, ఛత్రములు, జాలీపనులు మొదలగు మొగలాయి పోకడలను కలిపెను. కట్టడపు పొడవు 338 అడుగులు, వెడల్పు 228 అడుగులు, ఎత్తు 184 అడుగులు. నడిమి గుమ్మటముపై 16 అడుగుల నల్లని విజయదేవత బూర చేతబట్టి నిలిచియుండును. గాలి వీచినప్పుడు తిరుగునట్లు అమర్చిరి. తాజమహలుతో పోల్చి ఇది దానికి సాటి రాదని పెదవి విరుచువారు పెక్కుమంది. నా మట్టుకు ఆ పోలికయే తగదు. తాజమహలు భార్య సమాధిపై ఒక భర్త కట్టించినది. ఇది ప్రభుత్వము తన్ను తాను చూచుకొనుటకు కట్టించుకొన్న అద్దము. అందు వియోగదుఃఖము వెదకిన దొరకదు.

మందిరము నిలిచిన చోట అంతకు పూర్వము ప్రెసిడెన్సీ జైలు ఉండెడిది. దానిని తొలగించి ఆ స్థలమును సిద్ధపరచిరి. 1906 జనవరి 4వ తేదీన అప్పటి వేల్సు రాజకుమారుడు, తరువాత ఐదవ జార్జి చక్రవర్తియైనవాడు, శంకుస్థాపనము చేసెను. అప్పటికే కథ అడ్డము తిరిగినది. 1905లో కర్జను వంగరాష్ట్రమును రెండుగా చీల్చెను. కలకత్తా వీథులలో విదేశీవస్త్రములు తగులబడుచుండెను. వందేమాతరం ధ్వని మన రాజమహేంద్రవరమునకును పాకినది. కర్జను సర్వసేనానితో విరోధించి పదవికి రాజీనామా నిచ్చి ఇంగ్లండునకు మరలిపోయెను. తాను కలగన్న సౌధమునకు పునాదిరాయి పడునప్పుడు ఆయన వైస్రాయి కాడు.

అటుపై పని నత్తనడక నడచినది. గోడలు పైకి లేచుట 1910లో మొదలయ్యెను. మరుసటి సంవత్సరమే, 1911 డిసెంబరు 12వ తేదీన, శంకుస్థాపనము చేసిన ఆ జార్జియే చక్రవర్తిగా ఢిల్లీ దర్బారులో రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చుచున్నట్లు ప్రకటించెను. రాజధాని గౌరవమునకై తలపెట్టిన సౌధము సగము కాకముందే ఆ నగరము రాజధాని కాకపోయినది. ఆ ప్రకటనకు సరిగా పది దినములు ముందు, డిసెంబరు 2వ తేదీన, సాక్చీలో మొదటిసారిగా ఇనుము కరగి కాలువగట్టినది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కుదిమ్మ వెలువడినది. చరిత్రకారులు ఈ తేదీలను వేరువేరు పుటలలో వ్రాయుదురు. ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో కొంత సంగతి బోధపడును.

ఇంగ్లండులోనున్న ఎమర్సనుకు ఇచట కుడిభుజముగా నిలిచినవాడు విన్సెంటు ఎష్ అను వాస్తుశిల్పి. ఈయన పేరు మనవారికి తెలిసియుండవలసినంత తెలియదు. 1899లో బెంగాల్ నాగపూరు రైల్వేలో సహాయ ఇంజనీరుగా చేరెను. 1907లో గార్డెన్ రీచ్‌లోని ఆ రైల్వే ప్రధాన కార్యాలయ భవనమునకు జరిగిన పోటీలో గెలిచెను. పిమ్మట విక్టోరియా స్మారకమునకు పర్యవేక్షక శిల్పిగా నియమితుడయ్యెను. తోట ద్వారములును, ఉత్తరపు వంతెనయు ఆయన గీసినవే. ఈ బి.ఎన్.ఆర్. అనునది మనకు కేవలము రైలుమార్గము కాదు. 1902లో తూర్పుతీర రైల్వే ఉత్తరభాగము దానిలో కలియుటతో కటకమునుండి వాల్తేరు వరకు దాని పట్టాలే. ఉత్తరాంధ్రనుండి వేలకొలది కుటుంబములను ఖరగపురమునకు, కాళీమాటికి చేర్చిన బండి అదే. ఆ కాళీమాటియే 1919లో టాటానగరు అయ్యెను. అదే సమయమున లార్డు చెమ్స్‌ఫర్డు సాక్చీకి జంషెడ్‌పూరు అని నామకరణము చేసెను. బి.ఎన్.ఆర్. కార్మిక సంఘమును నడిపిన వి. వి. గిరి గారు తరువాత రాష్ట్రపతియైరి.

ఎష్ కథ ఇంతటితో ఆగలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసినది. ఆ వరద తరువాత నిజాము ప్రభుత్వము నగరమును సరిక్రొత్తగా తీర్చిదిద్దబూని, 1914లో ఎష్‌ను రప్పించుకొనెను. కాచిగూడ రైల్వేస్టేషను, నది కిరుగట్టుల ఎదురెదురుగా నిలిచిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, వాటికి చేరువనున్న సిటీ కళాశాల - ఇవి యన్నియు ఆయన చేయి పడినవే. కలకత్తాలో ఇటలీ పద్ధతికి కట్టుబడవలసివచ్చిన ఆ శిల్పి హైదరాబాదులో గుమ్మటములు, కమానులు స్వేచ్ఛగా వాడుకొనెను. ఉస్మానియా ఆసుపత్రి మెట్లపై రోగి బంధువు లెందరు కూర్చుండి యుందురో లెక్కలేదు. ఆ భవనమునకును, కలకత్తా పాలరాతి మేడకును గల చుట్టరికము వారిలో ఎవరికి తట్టును?

నిర్మాణపు పనిని గుత్తకు తీసికొన్నది కలకత్తాలోని మార్టిన్ కంపెనీ. దాని భాగస్వామి రాజేంద్రనాథ ముఖర్జీ. ఇంజనీరింగు విద్యను పట్టము పొందకుండనే విడిచిన ఈ వంగీయుడు స్వయంకృషిచే ఆనాటి గొప్ప నిర్మాతలలో నొకడయ్యెను. మక్రానానుండి కలకత్తాకు 1,500 కిలోమీటర్లకు పైబడిన దూరము. అంత దూరమునుండి రాతిని తెప్పించి, ఒండ్రునేలపై ఇంతటి బరువును నిలుపుట చిన్న పని కాదు. సామ్రాజ్యపు స్మారకమును నిజముగా లేపినది భారతీయ నిర్మాతయు, పేరు మిగులని రాతిపనివారును. ఇది మందిరమును చూచువారు మరువరాని సంగతి. ఈ ముఖర్జీయే తరువాత హౌరా వంతెనను గూర్చిన సంఘమునకు అధ్యక్షత వహించెను. 1943 ఫిబ్రవరిలో ఆ వంతెన తెరవబడినది; అప్పటికి ఆయన లేడు. ఆ వంతెనలోని 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు జంషెడ్‌పూరునుండి పోయినదే. హౌరా స్టేషనులో దిగి స్మారక మందిరమునకు పోవు మన యూరివాడు ముందుగా మన యూరి ఉక్కుమీదనే నది దాటును.

1921 డిసెంబరు 28వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను. తన ముత్తవ్వ పేరిట కట్టిన మందిరమును తెరచుటకు వచ్చినవాడు అప్పటి వేల్సు రాజకుమారుడు, తరువాత కొలదిమాసములు ఎనిమిదవ ఎడ్వర్డుగా రాజ్యము చేసి విడిచినవాడు. అది సహాయనిరాకరణోద్యమము ఉవ్వెత్తున లేచియున్న కాలము. డిసెంబరు 10వ తేదీననే చిత్తరంజన దాసును, యువకుడైన సుభాష్ చంద్ర బోసును నిర్బంధించిరి. రాజకుమారుడు కలకత్తా చేరిన 24వ తేదీన నగరమంతయు హర్తాళము పాటించినది. మన ఆంధ్రదేశమున ఆ యేడే బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను; చీరాల ప్రజలు పురపాలకసంఘపు పన్నును నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున ఊరు విడిచి పాకలలో కాపురముండిరి; పెదనందిపాడు రైతులు పన్నుల నిరాకరణమునకు సిద్ధమగుచుండిరి. రాజభక్తికి గుర్తుగా పదునైదేండ్లు చెక్కిన రాయి తీరా సిద్ధమగునప్పటికి దేశములో ఆ రాజభక్తియే మిగులలేదు.

మందిరములోనికి పోయి గుమ్మటము క్రింది రాణిగారి మండపమున నిలిచినచో గోడలపై ఆమె ప్రకటన చెక్కబడియుండును. కుంపిణీవారి పాలన రద్దుచేసి, 1858 నవంబరు 1వ తేదీన ప్రకటించిన ఆ శాసనములో, జాతిమత భేదము లేక అర్హతను బట్టి ప్రజలకు ప్రభుత్వోద్యోగములు లభించునని వాగ్దానము కలదు. దాదాభాయి నౌరోజీ మొదలు నాటి నాయకులందరు తమ విజ్ఞాపనములలో దీనినే ఎత్తిచూపెడివారు. కేంద్రప్రభుత్వ సిబ్బందిమైన మనము ఈ గోడముందు కొంచెము సేపు ఆగుట సమంజసము. ఏలయన, ఈ మండపము కట్టింప సంకల్పించిన కర్జనే 1904లో తన శాసనసభా ప్రసంగమున, ఉన్నతోద్యోగములు సామాన్యముగా ఆంగ్లేయులచేతనే ఉండవలెనని స్పష్టముగా పలికెను. మాటను రాతిపై చెక్కించుట వేరు, పాటించుట వేరు. ఐ.సి.ఎస్. పరీక్ష మనదేశమున జరుగుటకు 1922 దాక పట్టినది. అంతవరకు బీదవాని కుమారు డెంత తెలివిగలవాడైనను, సముద్రము దాటి లండనులో కూర్చుండి వ్రాయవలసినదే. ప్రారంభోత్సవమైన కొలది వారములకే ఆ తొలి పరీక్ష అలహాబాదులో జరిగినది. ఆ గోడమీది వాక్యమునకు అరువది మూడేండ్లకు మొదటి వాయిదా ముట్టినదని సరిపెట్టుకొందము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ మందిరమునకు విచిత్రమైన దశ పట్టినది. 1942 డిసెంబరులో జపాను విమానములు కలకత్తాపై బాంబులు వేసినవి. వెన్నెలలో మెఱయు తెల్లని గుమ్మటము శత్రువులకు గుఱిగా దొరకునని భయపడి 1943లో దానికి నల్లని పూత పూసిరి. ఏ తెలుపుకై ఇన్నివందల కోసుల దూరమునుండి రాయి మోయించిరో, ఆ తెలుపే ప్రమాదమైనది. మందిరము నల్లగానున్న ఆ సంవత్సరముననే వంగదేశమున ఘోరక్షామము సంభవించి లక్షలకొలది ప్రజలు మరణించిరి. ఎందరో పల్లెవాసులు గంజికై ఈ నగరపు వీథులకు వచ్చి ప్రాణములు విడిచిరి. క్షామముతో మొదలైన సామ్రాజ్యస్మారకపు కథ క్షామము మధ్యనే చీకటిపూత పూసికొన్నది.

స్వాతంత్ర్యానంతరము దానిని పడగొట్టలేదు, పేరు మార్చలేదు. అంతేకాదు, మన రాజ్యాంగముననే దానికి చోటు కలదు. ఏడవ షెడ్యూలు, కేంద్ర జాబితా, 62వ అంశమున జాతీయ గ్రంథాలయము, ఇండియన్ మ్యూజియముల సరసన విక్టోరియా స్మారకము పేరు వ్రాయబడియున్నది. ఇప్పుడది కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖ క్రింద నడచు స్వయంప్రతిపత్తి గల సంస్థ. దీనితో పోల్చదగినది మన విజయవాడలో నొకటి కలదు. రాణి స్వర్ణోత్సవ స్మృతిగా 1887లో అచట ఒక భవనమునకు శంకుస్థాపనము చేసిరి. తరువాత అది విక్టోరియా జూబిలీ మ్యూజియము అయ్యెను. 1921 సమావేశముల సందర్భమున పింగళి వెంకయ్య గారు పతాకమును గాంధీజీకి అందించినది ఆ ప్రాంగణముననే యని చెప్పుదురు. 2020లో దానికి బాపు మ్యూజియము అను పేరు స్థిరపడినది. కలకత్తావారు పేరు మార్చక లోపలి వస్తువును మార్చిరి: 2022 మార్చి 23వ తేదీన, భగత్ సింగు వర్ధంతినాడు, ఆ మందిరములోనే విప్లవవీరుల చరిత్రను చూపు 'బిప్లబీ భారత్' ప్రదర్శనశాల తెరవబడినది. ఏది మేలైన పద్ధతియో చెప్పుమని నన్నడిగినచో రెండవదియే అందును. రాణి తన సింహాసనముపై అట్లే కూర్చుండి, తన్ను ఎదిరించినవారి బొమ్మలను చూచుటకు వచ్చు జనులను చూచుచుండుట మంచి శిక్షయు, మంచి మర్యాదయు.

ఇక చూడబోవు వారికి రెండు మాటలు. ఉక్కు ఎక్స్‌ప్రెస్సు వేకువను టాటానగరులో బయలుదేరి, సాయంకాలము హౌరానుండి తిరిగి వచ్చును గనుక ఒక్క దినములోనే చూచిరావచ్చును. ఖరగపురమున బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫారముమీద తెలుగుమాట వినబడుట ఒక అదనపు లాభము. మెట్రోలో పోవువారు మైదాన్ స్టేషనున గాని, రవీంద్ర సదన్ స్టేషనున గాని దిగవలెను. శీతకాలము మేలు. మధ్యాహ్నపు ఎండలో పాలరాయి కన్నులకు మిరుమిట్లు గొలుపును; ఉదయమున, సాయంకాలమున రంగు మెత్తబడును. ఉత్తర ద్వారమున ప్రవేశించిన సర్ జార్జి ఫ్రాంప్టను పోతపోసిన రాణి కంచువిగ్రహము ముందుగా కనబడును. ఇరువైపుల కొలనులు, సుమారు 60 ఎకరముల తోట. లోపల పాతికవేలకు పైబడిన వస్తువులు కలవు. అన్నిటిని చూడబూనినచో ఏదియు చూడలేము. థామసు, విలియం డానియలు గీసిన చిత్రములను తప్పక చూడవలెను. 18వ శతాబ్ది చివర మనదేశపు దేవాలయములు, ఘట్టములు ఎట్లుండెనో ఛాయాచిత్రములు పుట్టకముందటి ఆ చిత్రములు చెప్పును. రష్యా చిత్రకారుడు వెరెష్చాగిను గీసిన జయపూరు ఊరేగింపు చిత్రము ఒక గోడను ఆక్రమించియుండును. దానిని దూరముగా నిలిచి చూడవలెను.

రాతిని తాకి చూచు అలవాటు మనవారిలో హెచ్చు. అది మానవలెను. పాలరాయి యనునది భూగర్భమున వేడిమికి, ఒత్తిడికి లోనై స్ఫటికరూపము పొందిన సున్నపురాయియే. మక్రానా రాయి మిక్కిలి గట్టిది, నీటిని పీల్చనిది. అయినను ఆమ్లమునకు లొంగిపోవును. బండ్ల పొగలోని గంధకపు ఆవిరి వానతో కలసిన సన్నని ఆమ్లమగును. చేతి చెమటయు, జిడ్డును మరకగా నిలుచును. ఈ కారణముననే మందిర పరిసరములలోని బస్సుల నిలయమును తరలింపవలెనని 2007లో కలకత్తా హైకోర్టు ఉత్తరువిచ్చినది.

సమయము మిగిలినయెడల మైదానము అంచువెంట ఉత్తరముగా పోయి చౌరంగీలోని ఇండియన్ మ్యూజియమును కూడ చూచుట మంచిది. కర్నల్ మెకంజీ కృష్ణాతీరమునుండి పంపిన అమరావతీ స్తూపశిలలలో కొన్ని అచట నున్నవి. ఆంగ్లేయులు వానిని పాలరాళ్లనిరి. మనవారును అట్లే అందురు. నిజమునకవి పలనాటి సున్నపురాళ్లు, లేత ఆకుపచ్చ చాయగలవి. వాని చెక్కడపు సన్నదనము చూచినవారికి మక్రానా మెఱుగు కొంచెము వెలితిగా తోచవచ్చును. రెండు ప్రదర్శనశాలలును సోమవారము మూసియుండును.